మోకాలి కింది శరత్తు

నెమిలి,
కార్తీక మాసం, ముసురు పట్టిన మూడో రోజు.



పోయిన నెల మీలో ఒకరు డెట్రాయిట్ దగ్గర్నుంచి ఒక ఫొటో పంపారు. ఒకే ఒక్క మేపుల్ ఆకు, ఫొటో అంతా అదే. ఆకు ఈనెల పక్కన సన్నటి పచ్చదనం ఇంకా వదల్లేదు. ఈనెకూ ఈనెకూ మధ్య మాత్రం కుంకుమ నీళ్లు ఇంకినట్టు ఎరుపు. అంచున ఏదో పురుగు కొరికిన గాటు, ఆ గాటు చుట్టూ గోధుమరంగు గీత. ఆ గాటును దాచకుండా ఉంచినందుకే ఫొటో నాకు నచ్చింది. కింద ఒక్క ముక్క రాశారు: "మాకు శరత్తు ఇలా వచ్చింది. మీ నెమిలిలో ఏముంది?"

వాకిట్లోకి వచ్చి చూశాను. వేప పచ్చగా ఉంది, కానుగ పచ్చగా ఉంది, చింత పచ్చగా ఉంది. ప్రహరీగోడ కూడా పాచిపట్టి పచ్చగానే ఉంది. చూపించడానికి ఒక్క ఎర్రాకు లేదు. ఏం రాయాలో తోచక నెల గడిపేశాను. ఈ ఉత్తరం ఆ జవాబే. వాన ఇల్లు కదలనివ్వడం లేదు కాబట్టి కాస్త పొడుగ్గానే వస్తుంది, ఓపిక పట్టండి.

ముందు ఒక చిక్కు తేల్చుకోవాలి. ఇంగ్లీషు వాళ్ల ఆటమ్‌ను మనం శరత్తు అనేస్తాం గానీ రెండూ ఒకటి కావు. వాళ్లకది ఆకు రాలే కాలం. మనకు ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజ కార్తీకాల శరత్తు మనకు వెన్నెల కాలం. నన్నయ గారు అరణ్యపర్వంలో కలం ఆపిన చోటు శరద్రాత్రుల వర్ణనే కదా. రాజమహేంద్రవరంలో ఉండి ఆయన తలెత్తి ఆకాశం చూశారు. మా వైపు ఆ వెన్నెలకు కూడా పూచీ లేదు. మా తమిళనాడుకు ఏడాది మొత్తంలో పడే వానలో దాదాపు సగం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే ఈశాన్యం నుంచి వస్తుంది. కార్తీక పున్నమి నాడు దీపాలు కనిపిస్తాయి గానీ చంద్రుడు కనిపిస్తాడన్న నమ్మకం లేదు. 2021 నవంబరులో అయితే ఇటు పాలారు, అటు గుడియాత్తంలో కౌండిన్య, రెండు ఏర్లూ ఒడ్డు దాటి ఇళ్లలోకి వచ్చాయి. పైన చూడటానికి మబ్బు తప్ప ఏమీ లేనప్పుడు మనిషి కిందికి చూస్తాడు. మా శరత్తు మోకాలి కింద ఉంటుంది.

ఈ ఉత్తరాలకు కొత్తగా చేరినవాళ్ల కోసం ఊరి సంగతి రెండు ముక్కలు. నెమిలి అరక్కోణం దగ్గర, కొసస్తలై ఏటి ఒడ్డున ఉంది. 2019 దాకా వేలూరు జిల్లా, ఆ ఏడాది నవంబరు నుంచి రాణిపేట జిల్లా. పడమటి వైపు పోతే కావేరిపాకం చెరువు వస్తుంది. పల్లవుల కాలం నాటిది, తమిళనాట పెద్ద చెరువుల్లో ఒకటి. మాకు ఇంట్లో తెలుగు, బడిలో అరవం. తెలుగు నిఘంటువు తీస్తే నెమలికి నెమిలి అన్న రూపం కూడా కనిపిస్తుంది. ఊరికి ఆ పేరు అందుకే వచ్చిందని నేను పందెం కాయను. కానీ డెట్రాయిట్‌కు పంపబోయే మొదటి ఫొటో మాత్రం నెమలిదే.

ఆశ్వయుజంలో ఒక పొద్దున చెరువు కింద కయ్యల వెంట పోతుంటే గెనిమ మీద ఈక కనిపించింది. మగ నెమళ్లు ఆగస్టు నుంచి పింఛం రాల్చడం మొదలుపెడతాయి. కొత్తది నిండుగా రావడానికి మళ్లీ ఫిబ్రవరి పడుతుంది. ఈ రోజుల్లో మా పొలాల్లో తిరిగే మగ నెమళ్లను చూస్తే మీసాలు గొరిగించుకున్న జమీందారుల్లా ఉంటాయి. 1963లో దాన్ని జాతీయ పక్షిని చేసుకున్నాం. వేసిన విత్తనం ఏరుకు తింటే ఇప్పటికీ రాయి విసురుతాం. అది వేరే కథ. డెట్రాయిట్ మిత్రులు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పాలంటే, ఇక్కడ శరత్తులో రాలేది ఆకు కాదు, ఈక.

నెమలి ఈక చూడనివాళ్లు మనలో ఎవరూ ఉండరు. పుస్తకంలో దాచి, అది పిల్లలు పెడుతుందని రోజూ తెరిచి చూసిన తరం మాది. అయినా లెన్సు దగ్గరికి తీసుకెళ్లే దాకా నేను దాన్ని చూడనేలేదని నాకు తెలియలేదు. చేతి దూరంలో అది కన్ను: నడుమ నేరేడుపండు రంగు గుండె, చుట్టూ నీలిపచ్చ, ఆ చుట్టూ రాగి, అంచున పసిమి. అంగుళం దూరంలో కన్ను మాయమవుతుంది. పోచ పక్కన పోచ కనిపిస్తుంది. ప్రతి పోచకూ రెండు వైపులా సన్నటి పోగులు, ఒక్కో పోగు పొడుగునా పూస గుచ్చినట్టు మెరిసే పలకలు. ఒకే పోచ మీద నేరేడు రంగు ఒకచోట ఆగి నీలం మొదలవుతుంది. పక్క పోచ మీద ఆ మార్పు వెంట్రుకవాసి పైన, దాని పక్కదాని మీద ఇంకో వెంట్రుకవాసి పైన. ఏ పోచకూ వలయం సంగతి తెలియదు, అన్నీ కలిస్తే వలయం. పోచంపల్లి చీర నేసేవాళ్లు నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది, మగ్గం మీద పోగులన్నీ కలిశాక పువ్వు తేలేట్టు చేస్తారే, సరిగ్గా ఆ లెక్కే.

ఆ ఈకనే వెలుతురుకు అడ్డంగా, వెనక నుంచి ఎండ పడేట్టు పట్టుకున్నాను. నీలం లేదు, పచ్చ లేదు. అంతా మాసిన గోధుమరంగు. ఎందుకంటే ఆ నీలానికి ఈకలో రంగుపొడి ఏదీ లేదు. ఉన్నది నల్లటి మెలనిన్ కడ్డీలు. వెంట్రుక మందంలో కొన్ని వందల వంతు ఎడంతో అవి వరసలు తీరి ఉంటాయి. వెలుతురు ఆ వరసల మీద పడి తిరిగొచ్చేటప్పుడు ఎడాన్ని బట్టి ఒక రంగు బలపడుతుంది. ఎడం కాస్త పెరిగితే నీలం పచ్చవుతుంది, ఇంకాస్త పెరిగితే పసుపు వైపు పోతుంది. 1665లో అచ్చయిన మైక్రోగ్రాఫియాలో రాబర్ట్ హుక్ నెమలి ఈకను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. నీళ్లు తగిలితే ఆ రంగులు పోతున్నాయని రాశాడు. పొడి అద్దిన రంగయితే తడికి ఎందుకు పోతుంది, ఆరితే ఎందుకు తిరిగొస్తుంది?

ఈ సంగతికి మనకు ఇంకా దగ్గరి చుట్టరికం ఉంది. దసరా నాడు పాలపిట్టను చూడాలని పొలిమేర దాకా పోతాం కదా. ఆ రెక్కల నీలం మీద 1934లో సి.వి. రామన్ వ్యాసం రాశారు. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న రామన్ గారే. పాలపిట్ట నీలం కూడా రంగుపొడిది కాదు, ఈక లోపలి కట్టడానిది అని అందులో తేల్చారు. నోబెల్ బహుమతి వచ్చి నాలుగేళ్లయ్యాక ఒక పెద్దమనిషి పిట్ట ఈక చేతిలో పట్టుకుని కూర్చోవడం నాకు భలే ఇష్టమైన దృశ్యం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నెమలి ఈక ఫొటోలు నాకు చాలా వస్తాయి. ముప్పాతిక భాగం ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసినవే. చాక్లెట్ చుట్టిన రేకులా మెరుస్తాయి. పక్క నుంచి మెత్తటి వెలుతురు పడితే ఒక రంగు ఇంకో రంగులోకి జారే చోటు కనిపిస్తుంది. దానికి ముసురు పట్టిన ఆకాశమంత మంచి దీపం లేదు. స్టూడియోల వాళ్లు గుడ్డ గొడుగులు కొనుక్కుని పడే తిప్పలన్నీ ఆ వెలుతురు కోసమే. మాకు మూడు నెలలు ఉచితం.

దగ్గరి ఫొటోలో ఏం చూడాలని కొందరు అడుగుతుంటారు. నేను మొదట చూసేది ఏది స్పష్టంగా ఉందో కాదు, దేన్ని వదిలేశారో. వస్తువు ఎంత ఉందో కెమెరా లోపల దాని బొమ్మ కూడా అంతే పడేంత దగ్గరికి పోయారనుకోండి, లెన్సు రంధ్రం కుదించి ఎఫ్ 11 పెట్టినా స్పష్టంగా నిలిచే లోతు మిల్లీమీటరు మీద కాస్త. బియ్యపు గింజ మందం. సీతాకోకచిలుక కన్ను అందులో ఉంటే రెక్క అంచు బయట, రెక్క ఉంటే కన్ను బయట, మీరు గట్టిగా ఊపిరి తీస్తే రెండూ బయటే. ఆ గింజమందాన్ని దేనికి ఇచ్చారన్నదే ఫొటో. చాలామంది అలవాటుగా కళ్లకిస్తారు. ఒకసారి ఒకాయన పంపిన మిడత ఫొటోలో కళ్లు మసక, నోరు స్పష్టం. ఆ నోట్లో గరిక అంచు సగం నమిలి ఉంది. అది మిడత ముఖచిత్రం కాదు, మిడత భోజనం. దాన్ని నేను ఏడాదిగా గోడకు పెట్టుకున్నాను.

ఈ మధ్య ముప్పై నలభై ఫొటోలు కెమెరాను ముందుకూ వెనక్కూ జరుపుతూ తీసి, కంప్యూటర్లో కలిపి, ముక్కు నుంచి తోక దాకా అంతా స్పష్టంగా చేస్తున్నారు. తప్పనడం లేదు, పురుగుల శాస్త్రానికి అది చాలా మేలు. నాకు మాత్రం అలాంటివి చూస్తే పురుగు కంటే పనివాడి ఓర్పే ముందు కనిపిస్తుంది.

ఇంకొకరి తప్పులు ఎంచే ముందు నాది చెప్పుకోవాలి. పదిహేనేళ్ల కిందట, కెమెరా కొన్న కొత్తలో, గూడు నడుమ తలకిందులుగా కూర్చుని తన కాళ్ల వరసలోనే ఇంటూ గుర్తులా తెల్లటి వంకర పట్టీలు నేసే సాలీడు ఒకటి మా పెరట్లో చిక్కింది. పత్రికల్లో చూసినట్టు గూడు మీద మంచు బిందువులుంటే బాగుండునని మంగలి షాపు సీసా ఒకటి తెచ్చి నీళ్లు చిమ్మాను. ఫొటో అద్భుతంగా వచ్చింది. ఒక పట్నంలో జరిగిన పోటీకి పంపితే బహుమతి కూడా ఇచ్చారు. పెద్ద సైజులో ప్రింటు వేయించి మా పెద్దమ్మకు చూపించాను. ఆమె దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, "ఏమిరా, గూడు మీద అంత మంచు పడితే కింద గరిక ఎండిపోయి ఉందేమి?" అంది.

నేను గానీ, పోటీలో తీర్పు చెప్పిన ముగ్గురు గానీ ఆ గరికను చూడలేదు. పెద్దమ్మ నలభై ఏళ్లు తెల్లవారకముందే ఆవులకు గడ్డి కోసుకొచ్చింది. మంచు ముందు దేని మీద పడుతుందో ఆమె పాదాలకే తెలుసు. అసలు మంచు గూడుకు పట్టిన రోజున చూడండి. జిగురు పోగు మీద చుక్కలు ఒకదానికొకటి దాదాపు సమాన దూరంలో, సన్నజాజి మొగ్గలు కట్టినట్టు వరసగా ఉంటాయి. సీసాతో చిమ్మినవి ఒకచోట గుంపు, ఒకచోట ఖాళీ. తర్వాత ఎవరు పంపిన ఫొటో అయినా నేను వెనక గరిక చూడటం అలవాటు చేసుకున్నాను. బహుమతి తిరిగి ఇవ్వలేదు. అది స్టీలు గిన్నె, ఇప్పటికీ మజ్జిగకు వాడుతున్నాం.

నీళ్లు చిమ్మడం చిన్న దొంగతనం. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి, కొమ్మ మీద తమకు కావలసినట్టు నిలబెట్టి తీసేవాళ్లున్నారు. కాళ్లకు జిగురు పూసేవాళ్లూ ఉన్నారు. కప్ప చేతిలో ఆకు గొడుగు పట్టినట్టు, నత్త మీద తూనీగ స్వారీ చేసినట్టు ముద్దొచ్చే ఫొటో కనిపిస్తే మెచ్చుకునే ముందు ఒక నిమిషం ఆగండి. అలాంటివాటిలో చాలావాటి వెనక ఇదే పని ఉంటుంది. నిజానికి ఫ్రిజ్ అక్కర్లేదు. కార్తీకంలో పొద్దున ఆరింటికి, ఎండ తగలకముందు, ఏ పురుగైనా ఒళ్లు బిగిసి ఉన్నచోటే ఉంటుంది. మనకు కాఫీ ఎలాగో దానికి ఎండ అలాగ. అది పడే దాకా రెక్క విప్పదు. లేవాల్సింది మనం.

ఇప్పుడు గుడియాత్తం సంగతి. అక్కడ లుంగీలు నేసే ఇళ్లు ఎక్కువ. నాకు అన్న వరస అయ్యే ఒక నేతగాడున్నాడు. ఆయన ఇంటికి పోయినప్పుడల్లా చిత్తూరు దారిలో ఉన్న మామిడితోపుల్లో తిరిగి రావడం నా ఆనవాయితీ. ఆ చెట్లకు ఆకులు కలిపి కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలుంటాయి. కరిస్తే తెలుస్తుంది. పోయినసారి గూడు కడుతుండగానే దొరికాయి. ఇరవై ముప్పై చీమలు ఒక ఆకు అంచును కాళ్లతో, పక్క ఆకు అంచును నోటితో పట్టుకుని లాగి నిలబడ్డాయి. అందని చోట ఒకదాని నడుము ఇంకొకటి పట్టుకుని గొలుసు కట్టాయి. ఆకులు దగ్గరయ్యాక లోపలి నుంచి ఇంకొన్ని వచ్చాయి. ఒక్కోదాని నోట్లో తెల్లటి చిన్న పురుగు. అది వాటి పిల్లే. పెద్ద చీమకు పట్టు రాదు, పిల్లపురుగుకే వస్తుంది. దాని తలను ఈ ఆకు అంచుకు తాకించి, ఆ ఆకు అంచుకు తాకించి, మళ్లీ ఇటు, మళ్లీ అటు. పది నిమిషాల్లో రెండాకుల మధ్య తెల్లటి పొర లేచింది.

నలభై ఫొటోలు తీస్తే ఒకటి కుదిరింది. చీమ తల, దాని నోట్లో పిల్ల, పిల్ల నోటి నుంచి వచ్చే పోగు, మూడూ ఆ గింజమందంలో పడ్డాయి. సాయంత్రం కెమెరా వెనక తెర మీదే అన్నకు చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నాడె కదప్పా," అన్నాడు.

"ఏది?"

"ఆ పిల్లకాయే. అటూ ఇటూ ఆడేది నాడె కాకపోతే ఏంది? పెద్దది మగ్గం మీద కూచున్నట్టే ఉంది." కాసేపాగి, "మా ఇంట్లోనూ ఇంతే. చిన్నప్పుడు మా నాయన నాతో కండెలు చుట్టించేవాడు. నూలు పిల్లల చేతిమీదుగా పోవాల్సిందే," అన్నాడు.

ఇంగ్లీషులో వాటిని వీవర్ యాంట్స్ అంటారని అప్పుడు చెప్పాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మరి ఇంకేమంటారు?" అన్నాడు. నా ఫొటోను ఇంతవరకు అంతకన్నా బాగా చదివినవాళ్లు లేరు. ఫొటో తీయడం నాకు తెలుసు, అందులో ఏముందో ఆయనకు తెలుసు. ఇద్దరూ లేకపోతే అది ఒట్టి చీమ బొమ్మ.

కెమెరా రాకముందు ఈ చూపు మనవాళ్లకు లేదనుకోకండి. 1781 నుంచి పన్నెండేళ్లపాటు సామర్లకోటలో ఉన్న కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ మన తీరపు మొక్కలకు బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కలు అన్న పేరుతో 1795 నుంచి 1820 దాకా 3 సంపుటాలుగా, 300 రంగు చిత్రాలతో ఆ పుస్తకం లండన్‌లో అచ్చయింది. మొక్క పేరు కింద మన తెలుగు పేరు కూడా ఇచ్చాడు. ఏ పుట తీసినా కొమ్మ నిండుగా ఉంటుంది, అడుగున దాని పువ్వు విప్పి, కేసరం ఒకటి, కీలాగ్రం ఒకటి, గింజ అడ్డంగా కోసి ఒకటి, పెద్దవి చేసి వేసి ఉంటాయి. వేసినవాళ్లు ఇక్కడి చిత్రకారులు. భూతద్దంలో చూసి కుంచెతో దించిన ఆ చేతుల పేర్లు మనకు మిగల్లేదు. రాక్స్‌బర్గ్ పేరు మొక్కలకు కూడా మిగిలింది.

తూనీగల గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఫొటోలో నేను ఓడిపోయింది వాటి దగ్గరే. దసరా రోజుల్లో పొలాల మీద గుంపులుగా ఎగిరే పసుపురంగు తూనీగ వాలదు. వాలితే పుల్ల కింద వేలాడుతుంది, మనం వంగేలోపు లేస్తుంది. చిన్నప్పుడు దాని తోకకు దారం కట్టి ఆడినవాళ్లం, ఆ పాపం ఊరికే పోతుందా. మాల్దీవుల్లో పనిచేసిన చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త, ఏటా అక్టోబరులో అక్కడికి లక్షలుగా వచ్చిపడే ఈ తూనీగలు మన దేశం నుంచే బయల్దేరి, ఈశాన్య గాలి మీద హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా చేరుతున్నాయని 2009లో రాశాడు. నాలుగు వేళ్ల వెడల్పు రెక్కలు. మా కయ్య మీద తిరిగేది ఎంత దూరం పోతుందో దాని ఒంటి మీద రాసి ఉండదు. కానీ ఆ సంగతి తెలిశాక దాని రెక్కలో ఈనెల వల చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ దీన్నే దాచాను.

మీలో ఎంతమంది వరి పువ్వు చూశారు? రోజుకు రెండు పూటలు అన్నం తినేవాళ్లం. మల్లె తెలుసు, మందారం తెలుసు, మేపుల్ ఆకు కూడా తెలుసు. వరి పువ్వు చూశారా అని గట్టిగా అడిగితే పట్నంలో నూటికి తొంభై మంది వరికి పువ్వుంటుందా అని ఎదురు అడుగుతారు. పల్లెల్లో సుంకు అంటే తెలుసు. సుంకు మీద వాన పడితే తాలు పోతుందని తెలుసు. చూడమంటే వాళ్లూ దగ్గరికి పోయి చూసింది తక్కువ.

ఈ కార్తీకంలో చెరువు కింద పైరు ఈనింది. ముసురు మొదలయ్యే ముందు రోజు, పొద్దున తొమ్మిదిన్నరకు, గెనిమ మీద గోనెసంచి పరుచుకుని బోర్లా పడుకున్నాను. ఆకు కత్తి చెంపకు తగులుతోంది. వరి వెన్ను పచ్చగా, ఊరికే ఉంది. పది అవుతుండగా పైనున్న ఒక గింజ నోరు తెరిచింది. పచ్చటి రెండు చిప్పలు, ముత్యపు చిప్ప విడినట్టు, రెండు మిల్లీమీటర్లు ఎడమయ్యాయి. లోపలి నుంచి లేతపసుపు సంచులు ఆరు, దారాల మీద పైకి లేచాయి. కంటితో చూస్తుండగానే లేచాయి, నేనేమీ పెంచి చెప్పడం లేదు. చిప్ప అడుగున రెండు తెల్లటి కుచ్చులు, ఈకల్లాగా. మళ్లీ ఈకలే. సంచులు చిట్లి పసుపు పొడి రాలింది. రేకులు లేవు, వాసన లేదు, తేనె లేదు. తుమ్మెదను పిలవాల్సిన పని దానికి లేదు, తన పొడి తన కుచ్చుల మీదే పడుతుంది. గాలిలోకి పోయిన పొడి కొన్ని నిమిషాల్లోనే చచ్చిపోతుంది. పదకొండు దాటాక చిప్పలు మూసుకున్నాయి. సంచులు మాత్రం బయటే చిక్కుకుని వేలాడాయి. మనం గాలికి ఊగే తెల్లటి నూగు అనుకునేది ఆ ఖాళీ సంచులనే. ఆ గింజ ఇంక తెరుచుకోదు. వెన్ను మీద పై నుంచి కిందికి ఒక్కో గింజా వంతు తీసుకుంటే అంతా కలిపి వారం.

ఆ గంటలో మనిషి చొరబడితే కొత్త వరి పుడుతుంది. ఇక్కడ అంగళ్లలో బీపీటీ పొన్ని అని అమ్మే బియ్యం మన బాపట్ల పరిశోధన కేంద్రంలో అలా పుట్టిన సాంబ మసూరి, బీపీటీ 5204. వరికి సంకరం చేసేవాళ్లు పువ్వు తెరవకముందే గింజ కొస కత్తిరించి, పటకారుతో ఆరు సంచులూ ఒకటొకటిగా తీసేసి, వేరే వరి పొడి తెచ్చి ఆ కుచ్చుల మీద దులుపుతారు. ఒక గింజకు ఆరు, ఒక వెన్నుకు ఎన్ని గింజలో లెక్క వేసుకోండి. దగ్గరగా చూడటం గురించి ఎవరైనా నాకు పాఠం చెప్పదలిస్తే వాళ్లు చెప్పాలి, ఫొటోలు తీసేవాళ్లు కాదు.

ఆ రోజు నేను తీసింది పదకొండు ఫొటోలు. తొమ్మిదింట్లో గాలి. ఒకదానిలో నా ఊపిరి. మిగిలిన ఒక్కదానిలో ఆరు సంచుల్లో రెండే స్పష్టంగా ఉన్నాయి, ఒకటి చిట్లుతోంది. అది డెట్రాయిట్‌కు పోతోంది, నెమలి ఈక ఫొటోతో పాటు. మేపుల్ ఆకుకు బదులుగా సరిపోతుందో లేదో పంపినవారే తేల్చాలి.

మిగిలినవారికి ఒక మాట. ఊళ్లో మీకు సొంత పొలం లేకపోయినా ఎవరి గెనిమ మీదైనా ఓ గంట కూర్చుంటే ఎవరూ వద్దనరు. కెమెరా లేకపోతే ఫోను చాలు, ఫోను బాగాలేకపోతే పిల్లల భూతద్దం చాలు. వెన్ను తుంచకండి, నీళ్లు చిమ్మకండి. ముసురు విడిచిన మొదటి రోజు పొద్దున తొమ్మిదికల్లా అక్కడుండాలి. టిఫిను తిని నిదానంగా వస్తామంటే కుదరదు, పదకొండుకు మూసేస్తారు.

ఉంటాను.

మీ
నెమిలి మిత్రుడు

తా.క.: డెట్రాయిట్ మిత్రులకు. అసలు ఈకనే కవరులో పెట్టి పంపమని అడుగుతారేమో. మన దేశం నుంచి నెమలి ఈకలు బయటికి పంపడం నిషేధం. ఫొటోతోనే సరిపెట్టుకోండి.